రాతికి షోకాజ్ నోటీసు

మా విశ్వవిద్యాలయంలో రాళ్ళు చదవడం వచ్చినాయన ఒక్కరే ఉండేవారు. డాక్టర్ తాళ్ళూరి ఏకాంబరం గారు, పురావస్తు శాఖలో అసోసియేట్ ప్రొఫెసర్. ఆ అసోసియేట్ అనే మాట ఆయన్ని పదిహేడేళ్ళుగా అంటిపెట్టుకుని ఉంది. రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలు. ఈలోగా ఇంకొక్క పరిశోధనా వ్యాసం అచ్చయితే ఆ మాట రాలిపోయి ఉత్త ప్రొఫెసర్ అవుతారు.

నేను అదే శాఖలో టెక్నికల్ అసిస్టెంట్‌ని. పేరు మల్లోజు భద్రాచారి. శాసనం కనబడితే దానిమీద తడికాగితం పరిచి, బ్రష్షుతో తట్టి, సిరా అద్ది అచ్చు తీయడం నా పని. నేను తీస్తే ఆయన చదివేవారు. ఇరవై రెండేళ్ళు మాకు ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది.

గుండ్లపాయ అనే ఊళ్ళో మంచినీళ్ళ పైపుల కోసం తవ్వుతుంటే జేసీబీ పంటికి ఒక శాసనం తగిలింది. మేం వెళ్ళి ట్రాక్టర్‌లో వేసుకొచ్చి మా శాఖ వరండాలో నిలబెట్టాం. ఇరవై ఆరు వరుసలు. మొదటి పద్దెనిమిదీ రాజుగారి బిరుదులు. తర్వాత తేదీ, గ్రహణం. ఆఖర్న, ఈ ధర్మాన్ని చెడగొట్టినవాడు గోవును చంపిన పాపాన పోతాడని శాపం. ఇవి ఆ కాలపు శాసనాలన్నిట్లోనూ ఉండేవే, ఇప్పటి శుభలేఖల్లో పేర్లు తప్ప మిగతా మాటల్లాగా. అసలు సంగతి మధ్యలో రెండే వరుసలు.

ఆ రెండు వరుసల దగ్గరికొచ్చేసరికి ఏకాంబరం గారు నేలమీద చతికిలబడిపోయారు.

"భద్రాచారీ, పోలసాని అనే గొల్లామె గొర్రెలు నీళ్ళు తాగే తొట్టి కట్టించిందయ్యా. తన గొర్రెలకూ, తనతో తగువుపడి మాటలు మానేసినవాళ్ళ గొర్రెలకూ కూడానట! చూశావా, గొర్రెలకే. మనుషులతో మాత్రం ఇంకా మాటల్లేవు."

"అంత మొండి మనిషా సార్?"

"మొండిదే. ముప్పై ఒక్క ఏళ్ళుగా రాజుల బిరుదులు చదివి చదివి ఉన్నాను. ఒక మనిషి గొంతు వినడం ఇదే." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కింద చెక్కినవాడి పేరు కూడా ఉంది. మల్లోజు. మీవాడే."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ నెలలోనే మా విశ్వవిద్యాలయానికి నిజాయితీ వచ్చింది. పైనుంచి ఒక సర్క్యులర్, దాంతోపాటు 'స్వచ్ఛాక్షర్' అనే సాఫ్ట్‌వేర్, వాటికి కాపలాగా 'విద్యా ప్రామాణికతా సంరక్షణ విభాగం', దానికి డైరెక్టరుగా కామర్స్ ప్రొఫెసర్ మండవ నిత్యానంద్ గారు. ఇకమీదట ఎవరు ఏ వ్యాసం రాసినా ముందు స్వచ్ఛాక్షర్‌లో వెయ్యాలి. ఇంతకుముందు లోకంలో ఎవరైనా రాసిన మాటలతో పది శాతానికి మించి పోలిక కనబడితే అది గ్రంథచౌర్యం.

ఏకాంబరం గారి వ్యాసానికి ఎనభై మూడు శాతం వచ్చింది.

నిత్యానంద్ గారు కబురు పంపారు. అచ్చులు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. ఆయన ముఖం పరామర్శకు వచ్చినవాళ్ళ ముఖంలా ఉంది.

"ఏకాంబరం గారూ, తమ వంటి సీనియర్ల విషయంలో ఇటువంటి పరిస్థితి ఉత్పన్నం కావడం విచారకరం. తమ వ్యాసంలో సింహభాగం పరుల రచన."

"అవునండీ. అది రాజుగారిది. నేను శాసన పాఠం ఇచ్చాను."

"ఇచ్చారు సరే. సొంత మాటల్లో ఎందుకు ఇవ్వలేదు?"

"సొంత మాటల్లో ఇస్తే శాసనం కాదు కదండీ."

"అది తమ శాఖాపరమైన అభిప్రాయం. నిబంధనలో రాళ్ళకు ప్రత్యేక మినహాయింపు పొందుపరచబడలేదు."

ఏకాంబరం గారు వాదనకు దిగే మనిషి కాదు. ఇంటికెళ్ళి నాలుగు రోజులు కూచుని రాజుగారి బిరుదుల్ని సొంత మాటల్లోకి మార్చారు. 'శత్రురాజులనే ఏనుగులకు సింహం వంటివాడు' అన్నచోట 'తనతో పడనివాళ్ళను బాగా ఇబ్బందిపెట్టిన పెద్దమనిషి' అని రాశారు. 'చంద్రుని వంటి కీర్తి గలవాడు' అన్నది 'నలుగురిలో పేరున్నవాడు' అయింది. శాపాన్ని 'దీన్ని పాడుచేస్తే బాగుండదు' అని కుదించారు.

ఈసారి నలభై ఒకటి వచ్చింది.

"పురోగతి సంతృప్తికరం," అన్నారు నిత్యానంద్ గారు. "అయితే తేదీ విషయం ఉంది. ఈ తేదీ, ఈ గ్రహణం ఇంకో పద్నాలుగు వ్యాసాల్లో ఉన్నాయి. మార్చడానికి వీలవుతుందా?"

"గ్రహణాన్నా?"

"కనీసం వారాన్ని. పోతే, మిగిలిన ఇరవై ఎనిమిది శాతం మరింత తీవ్రమైనది. తాళ్ళూరి ఏకాంబరం అనే వ్యక్తి ఇరవయ్యేళ్ళుగా రాసిన వ్యాసాల్లోంచి తమరు యథేచ్ఛగా తీసుకున్నారు."

"ఏకాంబరం నేనేనండీ."

"చౌర్యానికి బంధుత్వం అడ్డుకాదు," అన్నారు డైరెక్టర్ గారు.

ఇరవై రెండేళ్ళలో ఏకాంబరం గారి గొంతు పెరగడం ఆరోజే చూశాను. "అయ్యా, నేను ఎవరి దగ్గరా దొంగిలించలేదు. రాయిమీద ఏముందో అది రాశాను. తప్పంటే రాయిని అడగండి!"

నిత్యానంద్ గారు పెన్ను మూత తీశారు. "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి. దోషం రాతిదా?"

అలా విచారణ సంఘం ఏర్పడింది. నిత్యానంద్ గారు అధ్యక్షులు. లా ప్రొఫెసర్ ఒకాయన, కంప్యూటర్ విభాగం నుంచి ల్యాప్‌టాప్‌తో ఒకాయన సభ్యులు. ముగ్గురూ మా వరండాకి వచ్చి గుండ్లపాయ రాతి చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత దాని పక్కనున్న పాత శాసనాలు ఆరింటినీ ఫొటోలు తీసి స్వచ్ఛాక్షర్‌లో వేశారు. ఏడింట్లోనూ రాజుగారి బిరుదులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

కంప్యూటర్ ఆయన ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, "సార్, ఇది ఒకరు చేసింది కాదు. మాస్ కాపీయింగ్," అన్నాడు.

"ఈ ఏడు రాళ్ళూ ఒకే చోట ఉండేవా?" అని లా ప్రొఫెసర్ ఏకాంబరం గారిని అడిగాడు.

"కాదండీ. ఒక్కో ఊరికీ మధ్య ఎంత లేదన్నా ఇరవై కిలోమీటర్లు."

"అంత దూరం కూర్చోబెట్టినా కాపీ కొట్టారంటే పర్యవేక్షణ ఎంత లోపభూయిష్టంగా ఉండేదో!" అని నిత్యానంద్ గారు బాధపడ్డారు.

చెక్కినవాడి పేరు రాతిమీదే ఉంది కాబట్టి మల్లోజు గారికి షోకాజ్ నోటీసు తయారైంది. ఒక ప్రతి రాతికి అంటించారు. ఇంకో ప్రతి గుండ్లపాయకి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళింది. పోస్ట్‌మాన్ ఊరంతా విచారించి 'చిరునామాదారు లేరు' అని రాసి తిప్పి పంపాడు.

"పరారీ," అని సంఘం నమోదు చేసింది.

అప్పుడు లా ప్రొఫెసర్ దృష్టి నా మీద పడింది. నా గుర్తింపు కార్డు నా మెళ్ళోనే ఉంది.

"మల్లోజు భద్రాచారి. మల్లోజు! ముద్దాయికి మీరేమవుతారు?"

"ఏమో సార్. తొమ్మిది వందల ఏళ్ళయింది."

"కాలపరిమితి గురించి అడగలేదు. వారసులా కాదా?"

"ఇంటిపేరు ఒకటేనండి. మా నాన్న తలుపులూ కిటికీలూ చేసేవాడు."

"కుటుంబ వృత్తి కొనసాగుతూనే ఉందన్నమాట," అని రాసుకున్నాడు.

నా వాంగ్మూలం గంటన్నర తీసుకున్నారు. మా పెద్దాయనకు ఎవరో మాటలు రాసిచ్చి ఉంటారనీ, ఆయన ఇచ్చింది ఇచ్చినట్టు చెక్కి ఉంటాడనీ, సొంతంగా కలిపితే రాజుగారు చెయ్యి తీయించేవారేమోననీ నాకు తోచింది చెప్పాను. "ఒత్తిడి వల్ల కాపీ కొట్టాననడం ప్రతి విద్యార్థీ చెప్పేదే," అన్నారు నిత్యానంద్ గారు. చివరికి, ఇకముందు మా వంశంలో ఎవరూ కాపీ శాసనం చెక్కబోరని హామీపత్రం రాయించుకున్నారు. సంతకం పెట్టాను. ఇంటికెళ్ళి మా అబ్బాయికి కూడా చెప్పాను. వాడు బ్యాంకులో పని చేస్తున్నాడు.

పది రోజులకు తీర్పు వచ్చింది. గ్రంథచౌర్యం రుజువైన రచనను ఉపసంహరించాలి. వ్యాసమైతే పత్రికలోంచి తీసేస్తారు. మరి రాతిని ఎలా ఉపసంహరించడం? సంఘం లోతుగా ఆలోచించి, 'సదరు శాసనమును ప్రచురణకు పూర్వమున్న స్థితికి, అనగా గుండ్లపాయ గ్రామమున ఆరడుగుల లోతునకు, పునఃప్రవేశపెట్టవలెను' అని ఉత్తర్వు ఇచ్చింది.

ఏకాంబరం గారు ఉత్తర్వు పట్టుకుని డైరెక్టర్ గారి గదికి పరుగెత్తారు. నేను వెనకాల.

"అయ్యా, బిరుదులు కాపీయే అనుకోండి. శాపం కాపీయే. కానీ పోలసాని మాటలు రెండు వరుసలున్నాయి. అవి ఏ శాసనంలోనూ లేవు. మీ స్వచ్ఛాక్షర్‌నే అడగండి. ఆమెను మళ్ళీ పూడ్చిపెట్టకండి!"

నిత్యానంద్ గారు సానుభూతిగా తలాడించారు. "ఆ రెండు వరుసలూ ప్రచురించుకోవడానికి అభ్యంతరం లేదు. వ్యాసానికి కనీస నిడివి మాత్రం నాలుగు వేల పదాలు."

మెట్లు దిగుతూ ఆయన సగంలో ఆగిపోయారు. "ఇంతకాలం మట్టిలోంచి మనుషుల్ని బయటికి తీశాననుకున్నానయ్యా. ఇప్పుడు నా చేత్తో ఒకామెను పాతిపెట్టాలి," అన్నారు.

మంగళవారం ఉదయం ట్రాక్టర్‌లో రాయి, జీపులో సంఘం, వీడియో తీసే మనిషి, ట్రాక్టర్ తొట్టిలో రాయికి అటొకరం ఇటొకరం మేమిద్దరం. గుండ్లపాయలో ఊరివాళ్ళు చుట్టూ మూగారు. కూలీలు పైపులైను పక్కనే గొయ్యి తవ్వుతున్నారు. నడుములోతు వచ్చేసరికి గడ్డపారకు ఠంగుమని ఏదో తగిలింది.

మట్టి తుడిస్తే నల్లటి రాయి. నాలుగడుగుల పొడవు. పైనంతా గీతలు. నిలువుగా, ఏటవాలుగా, ఒకదానిమీద ఒకటి, వందలకొద్దీ.

కంప్యూటర్ ఆయన అలవాటు కొద్దీ ఫొటో తీసి స్వచ్ఛాక్షర్‌లో వేశాడు. వేసి, తెర మీంచి తల ఎత్తలేదు.

"ఏమయ్యా, ఎంత?" అన్నారు నిత్యానంద్ గారు.

"సున్నా సార్."

"మళ్ళీ వెయ్యి."

"రెండుసార్లు వేశాను. సున్నా! లోకంలో ఎక్కడా దీన్ని పోలింది లేదు."

నిత్యానంద్ గారు బూట్లతోసహా గోతిలోకి దూకేశారు. ఆ రాయిమీద చెయ్యి వేసి నిమురుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. "సున్నా శాతం! నా పీహెచ్‌డీకి కూడా తొమ్మిది వచ్చింది. ఏకాంబరం గారూ, చూడండి, ఇదీ మౌలిక రచనంటే!"

ఏకాంబరం గారు గట్టుమీంచి వంగి చూశారు. "అయ్యా, ఇవి అక్షరాలు కావు. ఎవరో ఏవో నూరుకున్న రాయి."

"అర్థం కాని వాటిని అక్షరాలు కావనడం విద్వాంసులకు తగదు!"

ఆ సంబరంలో వచ్చిన పని ఎవరికీ గుర్తులేదు. నల్లరాయిని దండలు వేసి ట్రాక్టర్‌లో ఎక్కించారు. పునఃప్రవేశం పూర్తయినట్టు కాగితంమీద ముగ్గురూ సంతకాలు చేశారు. ఖాళీ గొయ్యి పూడ్చేశారు. గట్టున మిగిలిన పోలసాని రాయిని ఏకాంబరం గారి మాటమీద ఊరివాళ్ళు బోరింగు దగ్గర నిలబెట్టారు. ఫైలులో ఆమె ఆరడుగుల లోతున ఉంది, గుండ్లపాయలో ఎండకి నిలబడి ఉంది.

మూడు వారాల్లో నల్లరాతికి అద్దాల మంటపం లేచింది. ఆవిష్కరణకు వైస్ ఛాన్సలర్ గారు స్వయంగా వస్తున్నారు. మధ్యలో ఒకరోజు నిత్యానంద్ గారు మా గదికి వచ్చి ఒక కవరు చూపించారు.

"తమ ప్రొఫెసర్ పదోన్నతి ఉత్తర్వు. వేదికమీద తమరు ఈ శాసనాన్ని చదివి వినిపించిన మరుక్షణం వైస్ ఛాన్సలర్ గారి చేతుల మీదుగా తమకు అందుతుంది."

"చదవడానికి అక్షరం ఉండాలి కదండీ."

"అది తమ శాఖాపరమైన ఇబ్బంది," అని కవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నేను ఉండబట్టలేక, "సార్, ఏదో ఒక రాజు పేరు చెప్పెయ్యండి. ఎవరొచ్చి చూస్తారు? పదిహేడేళ్ళయింది," అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అలా చెప్పవచ్చునని నాకూ తోచిందయ్యా భద్రాచారీ. అందుకే నిద్ర పట్టడం లేదు," అన్నారు.

సభ రోజు వేదిక వెనక నేను తీసిన నల్లరాతి అచ్చును ఆరడుగుల కాగితంమీద వేలాడదీశారు. హాలు నిండిపోయింది. నిత్యానంద్ గారు ఇరవై నిమిషాలు మౌలికత గురించి మాట్లాడారు. ఆ ప్రసంగానికి ఎంత శాతం వస్తుందో ఎవరూ వేసి చూడలేదు. తర్వాత ఏకాంబరం గారిని పిలిచారు.

ఆయన మైకు దగ్గరికి వచ్చి, "అందరికీ నమస్కారం. ఇది శాసనం కాదు. ఇది కొడవళ్ళు నూరుకునే రాయి," అన్నారు.

వైస్ ఛాన్సలర్ గారు నిత్యానంద్ గారి వంక చూశారు. నిత్యానంద్ గారు కవరు వంక చూసుకున్నారు.

ఏకాంబరం గారు దిగిపోబోతూ వెనక్కి తిరిగారు. వెలుతురు పడి అచ్చులో గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. అక్కడే నిలబడిపోయారు. ఒక వేలితో ఒక గీత వెంట నడిచారు. తర్వాత ఇంకో గీత వెంట. ఆయన భుజాలు చూస్తే నాకు తెలిసిపోయింది. ఆయన చదువుతున్నారు.

మళ్ళీ మైకు దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోయింది. "ఆగండి. దీనిమీద ముగ్గురు నూరారు. ఒకరి తర్వాత ఒకరు. ఒకరి గీతల్ని ఇంకొకరి గీతలు కోసుకుంటూ వెళ్ళాయి, వరస తెలిసిపోతోంది. పైనున్నవి ఇప్పటివే, ఇంకా పదునుగా ఉన్నాయి. వాటికి కింద ఉన్నవి ఇటు కాదు, అటు వాలి ఉన్నాయి. ఆ మనిషిది ఎడమచేతి వాటం. చాలా ఏళ్ళు నూరింది, బహుశా ముప్పై నలభై. అందరికంటే అడుగున ఉన్నవి..."

"మా అత్తది ఎడంచెయ్యే!"

హాలు వెనకనుంచి కేక. తలలన్నీ తిరిగాయి. అరవై దాటిన మనిషి, చేతిలో గుడ్డ చుట్టిన కొడవలి, పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. గుండ్లపాయ ఎంగమ్మ. పొద్దున బస్సెక్కి రాయిని వెతుక్కుంటూ వచ్చింది.

"నా రాయయ్యా అది! పైపులు తవ్వినోళ్ళు మట్టి తోసేశారు. అప్పట్నించీ యాడుందో తెలీక ఎతుకుతున్నా. మీరు దండలేసి ఎత్తుకొచ్చారని నిన్ననే తెలిసింది. మా అత్త ఎడంచేత్తోనే కోసేది, ఎడంచేత్తోనే నూరేది. చచ్చిపోయి పాతికేళ్ళయింది. నీకెట్టా తెలిసింది? నువ్వామెను చూశావా?"

"ఇప్పుడే చూశానమ్మా," అన్నారు ఏకాంబరం గారు.

ఎవరు మొదలుపెట్టారో గాని చప్పట్లు ఆగలేదు. చరిత్ర విద్యార్థులు బెంచీలెక్కారు. వైస్ ఛాన్సలర్ గారు కూడా లేచి నిలబడ్డారు, ఎందుకో ఆయనకు తెలియకపోయినా. ఆయన నిలబడ్డారు కాబట్టి నిత్యానంద్ గారు కవరు ఇచ్చేశారు. శాసనం చదివితే ఇవ్వాలని నిబంధన, చదివారు కదా. ఏకాంబరం గారు ఆ కవరును నా చేతికిచ్చి ఎంగమ్మ దగ్గరికి నడిచారు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. రాయి తనకిచ్చెయ్యమంది ఎంగమ్మ. జొన్న కోతలు మొదలయ్యాయంది. "ఇది విశ్వవిద్యాలయ మౌలిక సంపద," అన్నారు నిత్యానంద్ గారు. అప్పుడు లా ప్రొఫెసర్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. చెప్పిన కొద్దీ డైరెక్టర్ గారి ముఖం పాలిపోయింది. సున్నా శాతం రచనంటే దానికి రచయిత ఉన్నట్టు. రచయిత అంటే ఎదురుగా కొడవలి పట్టుకుని నిలబడిన మనిషే. బతికున్న రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా మౌలిక రచనను ప్రదర్శిస్తే అంతకు మించిన గ్రంథచౌర్యం లేదు.

"ఎంగమ్మ గారూ, తమ అమూల్య రచనను..." అని ఆయన నచ్చజెప్పబోయారు.

"రాయి ఎక్కించండయ్యా, బస్సు టైమవుతోంది," అంది ఎంగమ్మ.

బస్సులో పట్టదు కాబట్టి విశ్వవిద్యాలయం ట్రాక్టరే వెళ్ళింది. దండలు తీసెయ్యడానికి ఎవరికీ తీరికలేకపోయింది. వెంట వచ్చిన ఇద్దరూ బస్సెక్కేశారు, తొట్టిలో ఎంగమ్మ తన రాయిమీదే కూచుంది. ఇంట్లో కూడా చెప్పకుండా ప్రొఫెసర్ ఏకాంబరం గారు ఆమె ఎదురుగా కూచున్నారు. నేను పక్కన.

ఊరు దాటాక ఎంగమ్మ అడిగింది. "పైన నేను. కింద మా అత్త. అడుగున ఇంకొకరు ఉన్నారని ఏదో చెప్పబొయ్యావు. నేనే అడ్డొచ్చా. ఎవరయ్యా ఆమె?"

"పేరు తెలియదమ్మా. మీ అత్తకంటే ముందు మనిషి."

"అయితే మా అత్తకి అత్తయ్యుండాలి. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫొటో కూడా లేదు." కాసేపు రాయిని అరచేత్తో తడిమింది. "ఏమైనా తెలిసిందా ఆమె గురించి?"

ఏకాంబరం గారు వంగి, అడుగు గీతల్ని జానతో కొలిచారు. "ఒకటి చెప్పగలను. గీతలు చూడు, ఒక్కటీ జానెడు దాటలేదు. చేతులు పొట్టివి. మనిషి కూడా పొట్టిగా ఉండేదనుకుంటా."

ఎంగమ్మ ఆయన వంక చూసింది. తర్వాత రాయి వంక. తర్వాత ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుండ్లపాయ వచ్చేదాకా నవ్వుతూనే ఉంది.

ట్రాక్టర్ ఇంకా ఆగకముందే లేచి నిలబడి, బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళకు వినబడేలా కేకేసింది.

"ఒసే, మా అత్తకి అత్త ఉందే, ఆమె పొట్టిదంటనే!"